ఆరు వారాల పరీక్ష

"పసుపు గిట్ట దండిగ పూసుకున్నవా ఏందే?" అంది అత్త ఈదమ్మ. రాట్నం ముందు కండెలు చుడుతున్న నాగేంద్రమ్మ అరచేతిని తెల్ల నూలు పక్కన పెట్టి చూసుకుంది. పసుపు ముట్టి పది రోజులైంది. మరి ఈ పచ్చదనం ఎక్కడిది?

ఎక్కడిదో ఆమెకు తెలుసు. గద్వాల చీరకు కండెలు చుట్టేది ఆమె, పోగులు అతికేది ఆమె, నేతగాడన్న పేరు మాత్రం మొగుడు హన్మంతుది. ఎండాకాలంలో ఉన్నట్టుండి ఏడుపొచ్చేది, చేతులు ఆడేవి కావు. ఆమె ఏడ్చినందుకు కాదు, కండెలు లేక మగ్గం ఆగినందుకు కదా ఆ మహానుభావుడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది! దిగులు తగ్గే గోలీలు రాస్తూ డాక్టరు మరీ మరీ చెప్పాడు: "ఇవి కొందరికి లివర్‌ను దెబ్బతీస్తాయి. ఆరు వారాలకు రక్తపరీక్ష చేయించండి. కళ్లు పచ్చబడితే గోలీ ఆపి వెంటనే రండి." మూడు నెలలు దాటాయి. అడిగినప్పుడల్లా హన్మంతుది ఒకటే మాట: "పరీక్షకు పోతే ఒక దినం పాయె. కండెలు మీ అవ్వొచ్చి చుడ్తదా?" గోలీ మాత్రం రోజూ తనే చేతిలో పెట్టి, మింగేదాకా ఎదుట నిలబడేవాడు.

ఈదమ్మ కామెర్లని పసరు పోయించింది, మణికట్టు మీద వాత పెట్టించింది. మందులేమైనా వాడుతుందా అని పసరాయన అడిగితే లేదనేసింది. కోడలు మింగేవి పిచ్చి గోలీలని తెలిస్తే ఇంటి పరువేం కావాలి! ఆ రోజు హన్మంతు ఇచ్చిన గోలీని నాగేంద్రమ్మ మింగలేదు. మిగిలిన గోలీల అట్టనూ డాక్టరు చీటీనీ కొంగున ముడేసుకుంది.

తెల్లారేసరికి వాంతులు. నిలబడలేకపోతే అప్పుడు తెచ్చారు దవాఖానకు.

"ఏమైనా మందులు వాడుతుందా?" అడిగింది డాక్టరమ్మ.

"ఏం లేవు మేడం. ఉత్త కామెర్లే," అంటూ హన్మంతు నాగేంద్రమ్మ మోచేయి గట్టిగా నొక్కాడు.

పన్నెండేళ్లు ఆ నొక్కుడుకే నోరు మూసుకుంది. చాలు! చేయి విదిలించుకుని, కొంగు ముడి విప్పి అన్నీ బల్ల మీద పెట్టింది.

"అబద్ధం మేడం. మూన్నెల్లసంది ఇవే మింగుతున్న. పరీక్షకు తీస్కపోతే కండెలు ఆగుతయని తీస్కపోలే. గోలీ ఇచ్చుడు మాత్రం ఒక్కనాడు మర్వలే."

డాక్టరమ్మ హన్మంతును ఎగాదిగా చూసి, దవాఖానలోనే ఉండాలని రాసింది.

"ఎన్ని దినాలు మేడం? ఇంటికాడ కండెలు..."

నాగేంద్రమ్మ చెప్పులు విడిచి మంచమెక్కింది.

"రాట్నం ఆడనే ఉంది," అంది. "పోయి చుట్టుకో."