దేవప్ప ఎంగిలి

ఎంగిలి అంటే నాకు చిన్నప్పటి నుంచీ రోత. హైదరాబాదులో కాలేజీ చదివి, తాండూరులో శానిటరీ ఇన్‌స్పెక్టర్ అయ్యాక ఆ రోతకు సైన్సు తోడైంది. పుట్టుకతో కథోలికుణ్ణే అయినా కాలేజీ రోజుల్లోనే గుడి మానేశాను. నా భార్య భాగమ్మ మానలేదు. నన్ను ఒక్కసారీ రమ్మనలేదు కూడా. ఆమె పోయి రెండేళ్లయింది.

ఏటా గుడ్ ఫ్రైడేకు ఆమెను ప్యాసింజరు బండిలో వికారాబాదు గుడికి తీసుకెళ్లి, నేను వరండాలో నిలబడేవాణ్ణి. లోపల అందరూ వరుసగా వంగి సిలువ మీది ప్రభువు పాదాలను ముద్దు పెట్టుకునేవారు. ఫాదరుకు సాయంగా ఉండే ఉపదేశి ఒకటే గుడ్డతో తుడిచేవాడు. నూరు నోళ్లకు ఒక గుడ్డ!

అందులోనూ దేవప్ప. తాండూరు నాపరాతి గనుల్లో రాళ్లు కొట్టి కొట్టి దగ్గుతో మిగిలిన ముసలివాడు. నోట్లో ఎప్పుడూ తంబాకు. పెదవి చివర గోధుమరంగు చొంగ. అతడు వంగి లేస్తే పాదాల మీద తడి మెరిసేది. అతని వెనక ఎవరూ నిలబడరు. భాగమ్మ నిలబడేది. తుడిచీ తుడవని ఆ తడి మీదే పెదవులు ఆనించేది. ఇంటికి రాగానే క్రిములు చావాలని పొటాషు నీళ్లు కలిపి ముందు పెట్టేవాణ్ణి. మారు మాట్లాడకుండా పుక్కిలించేది.

అతని తెమడ పరీక్ష చేయించాను. క్షయ లేదన్నారు. అయినా నా రోత తగ్గలేదు.

పంతొమ్మిది వందల యాభై ఏడులో ఆమెకు ఐదో నెల. ఈసారి అతని వెనక నిలబడితే ఇక గుడికే తీసుకురానని రైల్లో ఖండితంగా చెప్పాను.

"మీ మాట కాదన. గాని ఆయన ఎనుక ఎవరు నిలబడ్తరు?" అంది.

అన్నట్టే, గుడిలో వరుసలో అతనికంటే ముందుకు పోయి నిలబడింది. దేవప్ప వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు. పక్కనే ఉన్న మొగులమ్మ అనే ఆవిడ నవ్వుతూ, "తాతా, నువ్వు ఆఖరుకు రారాదె. దేవుని కాళ్లు నీ తంబాకుల మునుగుతున్నయి," అంది. నలుగురూ నవ్వారు. దేవప్పా నవ్వి పక్కకు తప్పుకున్నాడు.

అందరూ అయిపోయారు. ఉపదేశి అప్పుడే గుడ్డ మడత పెట్టేశాడు. దేవప్ప తువ్వాలుతో మూతి గట్టిగా తుడుచుకున్నాడు, మళ్లీ తుడుచుకున్నాడు. ముందుకు మాత్రం పోలేదు. దూరం నుంచే దండం పెట్టి గుమ్మం వైపు తిరిగాడు.

ఆ మడతపెట్టిన గుడ్డను చూస్తే నాకు చెప్పలేనంత అసహ్యం వేసింది. భాగమ్మను ఆపి అది మడత పెట్టించింది నేనే. చెప్పులు విడిచి లోపలికి వెళ్లాను.

"నడువు తాతా. నీ ఎనుక నేనున్న."

అతను నమ్మనట్టు చూసి, వంగాడు. తర్వాత నేను వంగాను. తడి. తంబాకు కంపు. వెలుగూ లేదు, హాయీ లేదు. బయటికి వచ్చి ప్రహరీ పక్కన వాంతి చేసుకున్నాను.

భాగమ్మ వచ్చి వీపు నిమిరింది.

"నాకు గూడ ఏటేటా గిట్లనే తిప్పుతుండె," అంది మెల్లగా. "మీకు కనపడకుంట మింగుతుంటి. ఈ రోత తీసెయ్యి స్వామీ అని జపమాల పట్టుకొని ఎన్నిసార్లు అడిగిన్నో. తియ్యలే."

నేను తలెత్తి చూశాను. ఇన్నేళ్లూ ఆమెకు రోత తెలియదనే అనుకున్నాను. మొద్దు భక్తి అనుకున్నాను. రోతను పక్కన పెట్టుకునే నిలబడిందని, నన్నొక్క మాటా అనకుండా నిలబడిందని అప్పుడు తెలిసింది.

మర్నాడు పన్నెండేళ్ల తర్వాత ఫాదర్ ముందు పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి మోకరించాను. ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు. దేవప్ప అనే మనిషి ఉన్నాడు ఫాదర్, అన్నాను.