పచ్చసొనల వరుస

దగ్గరికి జరగండి. ఇంకొంచెం. వెనకాల గోడకి ఆనుకున్నవాళ్ళు కూడా ముందుకు రండి, గోడ పడిపోతే నేను చూసుకుంటాలే. ఇవాళ నాకు కోపంగా ఉంది. మీ మీద కాదు. ఎవరి మీదో కథ అయ్యేలోపు మీకే తెలుస్తుంది. కూర్చున్నారా? సరే.

ఒక వీధిలో ఒక దర్జీ అమ్మ ఉండేది. ముందు గదిలో కిటికీ పక్కన ఆమె కుట్టుమిషను. పొద్దున లేచి ఐదుగురికి వంట చేసి, గిన్నెలు తోమి, మిషను ముందు కూర్చుంటే సాయంత్రం దాకా బడిపిల్లల చొక్కాలు కుట్టేది. ఆమె కుట్టిన కాలరు స్కేలు పెట్టి గీత గీసినట్టు ఉండేది.

ఆమె భర్త బడిలో డ్రిల్లు మాస్టారు. మెడలో ఈల, నిటారు నడక. కొడుకు సెల్‌ఫోన్ల దుకాణంలో పని. కూతురు కాలేజీ. అత్తగారు ముసలావిడ, కుడికాలికి రెండు వేళ్ళు లేవు. ఎప్పుడో బండరాయి పడిందని చెప్పుకునేవారు.

ఆ ఊళ్ళో పళ్ళెంలో వదిలేసిన తిండి ఊరికే ఉండదు. వదిలినవాళ్ళు చెయ్యి కడుక్కుని లేచేసరికి అదీ లేస్తుంది. రొట్టె ముక్క అంచుల మీద నడుస్తుంది, అన్నం ముద్దయి దొర్లుతుంది, పాలైతే గ్లాసుతో సహా జరుగుతాయి. అలా వదిలినవాళ్ళ వెంటే పోతుంది. చెత్తబుట్టలో వేస్తే మూత తోసుకుని వచ్చేస్తుంది. కుక్క ముట్టదు, కాకి ముట్టదు. వదిలినవాళ్ళయినా తినాలి, వాళ్ళ బదులు తినడానికి ఒప్పుకున్న మనిషైనా తినాలి. అంతవరకూ అది పాడవదు, ఎండదు, నడుస్తూనే ఉంటుంది. పొద్దు పొడిచినట్టే ఇదీను, ఎవరూ పట్టించుకోరు. కాకపోతే పనికి పోతుంటే వెనకాల సగం రొట్టె నడిచొస్తే ఎవరికైనా నామోషీయే కదా. అందుకని ప్రతి ఇంట్లో ఒక మనిషి ఉంటుంది, అందరివీ తినేసే మనిషి. ఎవరో నేను చెప్పక్కర్లేదు.

డ్రిల్లు మాస్టారికి ఆరోగ్యం మీద మహా శ్రద్ధ. రోజూ పొద్దున నాలుగు ఉడికిన గుడ్లు. తెల్లసొన మాత్రమే తింటాడు. "పచ్చసొనలో కొలెస్ట్రాల్ ఉంటుంది. తిండి అంటే క్రమశిక్షణ," అని పిల్లలకి పాఠం చెబుతూ నాలుగు పచ్చసొనలూ పళ్ళెం అంచున వరసగా పెట్టి లేస్తాడు. ఆయన రక్తపరీక్ష కాగితం ఫ్రిజ్ తలుపు మీద అంటించి ఉంటుంది, ఫస్టు మార్కులొచ్చిన పిల్లాడి ప్రోగ్రెస్ కార్డులాగా.

కొడుకు మాంసం తింటాడు, కొవ్వు ముక్కలు ఏరి పక్కన పెడతాడు. వేయించిన బంగాళాదుంపలు చల్లారితే ముట్టడు. కూతురు బరువు తగ్గాలని రెండు చెంచాల అన్నం తిని మిగతాది తోసేస్తుంది, సాయంత్రం కేకు తెచ్చుకుని అందులో సగం వదిలేస్తుంది. ముసలావిడ పాలు కలపకుండా పైపైన తాగితే అడుగున కరగని చక్కెర ఉండిపోతుంది.

అవన్నీ పళ్ళేల అంచులు దిగకముందే దర్జీ అమ్మ సింకు దగ్గర నిలబడి నోట్లో వేసుకునేది. ఒక చేత్తో తినడం, ఒక చేత్తో తోమడం. ఇరవై నాలుగేళ్ళుగా అంతే.

ఒకరోజు ఒక చొక్కా వెనక్కి వచ్చింది. కాలరు కుట్టు వంకర పోయింది. తెచ్చినావిడ మొహమాటపడింది. "అక్కా, నువ్వు కుట్టింది కాదేమో అనుకున్నాను." దర్జీ అమ్మ చొక్కాని కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి చూసింది. కుట్టు వంకరగా ఉందో తిన్నగా ఉందో ఆమెకే తెలియలేదు. ఆ వారం సూదిలో దారం ఎక్కించడానికి కూతుర్ని ఆరుసార్లు పిలిచింది.

మాస్టారు ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. రక్తం తీశారు. మర్నాడు డాక్టరు కాగితం చూసి కళ్ళజోడు తీశాడు.

"ఏం తింటున్నావమ్మా?"

"ఏం తింటాను డాక్టరు గారూ. మధ్యాహ్నం గరిటెడన్నం, కూర. రాత్రీ అంతే."

"చక్కెర ఇంత, కొలెస్ట్రాల్ ఇంత. గరిటెడన్నానికి ఇంత రాదు."

పక్కనుంచి మాస్టారు అందుకున్నాడు. "చాటుగా తింటోందేమో డాక్టరు గారూ. నేను ఇంట్లో ఉండను కదా. తిండి గురించి చెప్పి చెప్పి నా నోరు అరిగిపోయింది."

ఈ మాట గుర్తుపెట్టుకోండి.

డాక్టరు ఆమెతోనే మాట్లాడాడు. "చూపు మసకబారింది చక్కెర వల్లే. ఇప్పుడు దింపితే తేటపడుతుంది. ఇలాగే పోనిస్తే కంటి వెనకాల సన్నటి రక్తనాళాలు చెడతాయి. అక్కడ పోయిన చూపు తిరిగి తేవడం నా చేతుల్లో లేదు. మాత్రలు రాస్తున్నాను. కానీ సగం పని నీ పళ్ళెం చెయ్యాలి. మూడు నెలల తర్వాత మళ్ళీ రా."

ఇంకో పరీక్షకి రక్తం కావాలన్నారు. మాస్టారు బండి తియ్యడానికి బయటికి పోయాడు. రక్తం తీసే ఆవిడని అక్కడ అందరూ సూదమ్మ అంటారు.

"చెయ్యి చాపు. నువ్వు దర్జీవి కదూ? నీ సూది గుడ్డలో దిగుతుంది, నాది చేతిలో దిగుతుంది. అంతే తేడా," అంది సూదమ్మ. "ఏం తింటావని డాక్టరు అడిగాడా?"

"అడిగారు. చెప్తే నమ్మలేదు."

"ఆయన మగాడు, అలాగే అడుగుతాడు. నువ్వేం తిన్నావో నాకొద్దు. నిన్న మీవాళ్ళు ఏమేం వదిలారో చెప్పు."

దర్జీ అమ్మ రెండో చేతి వేళ్ళు మడవడం మొదలుపెట్టింది. "ఆయనవి నాలుగు పచ్చసొనలు. పెద్దాడివి కొవ్వు ముక్కలు, ఓ గుప్పెడు. చల్లారిన దుంపలు, గిన్నెలో సగం. చిన్నదాని అన్నం రెండు పూటలదీ. కేకులో సగం. అత్తయ్య పాలలో చక్కెర..." వేళ్ళు అయిపోయాయి. అప్పటికి రాత్రి భోజనాలు పూర్తిగా చెప్పనేలేదు.

సూదమ్మ సూది తీసి దూది నొక్కిపట్టింది. "ఫ్రిజ్ మీద అంటించానని వచ్చినప్పుడల్లా గొప్ప చెబుతాడే మీ ఆయన, ఆ కాగితం అంత శుభ్రంగా ఎలా ఉందనుకున్నావు?"

దర్జీ అమ్మ మడిచిన వేళ్ళ వైపు చూసుకుంది. తర్వాత అంది, "అది తిండి అనుకోలేదమ్మా. పని అనుకున్నాను."

మర్నాడు పొద్దున అందరూ తిన్నారు, లేచారు. పచ్చసొనలు నాలుగూ పళ్ళెం దిగి మాస్టారి చెప్పుల వెనక నిలబడ్డాయి. కొవ్వు ముక్కలు కొడుకు వెనక, అన్నం ముద్ద కూతురి వెనక. దర్జీ అమ్మ కుర్చీలో కూర్చుని ఉంది.

"ఏమే, ఇవి చూశావా?" అన్నాడు మాస్టారు.

"చూశాను."

"మరి తినెయ్. బడికి టైమవుతోంది."

"తినను."

"ఏం వచ్చింది నీకు?"

"చక్కెర వచ్చింది. కొలెస్ట్రాల్ వచ్చింది. నిన్న మీ ముందే చెప్పారు కదా."

కూతురు, "అమ్మా, ఇవాళ ఒక్కరోజు, ప్లీజ్. నా ఫ్రెండ్స్ అందరూ ఉంటారు," అంది. కొడుకు, "దుకాణానికి మాంసం ముక్కలతో పోవాలా నేను?" అన్నాడు. దర్జీ అమ్మ లేచి ఫ్రిజ్ మీది కాగితం ఊడదీసింది. మిషను బల్ల మీద పరిచి, వెనకవైపు కాలరు కొలత గీసి, కత్తెరతో కరకరా కత్తిరించింది. ఆ కాగితం కాలరు నమూనాకి బాగా కుదిరింది.

మాస్టారు బడికి పోయాడు. ఈల ఊది "అటెన్షన్" అన్నాడు. మూడొందల మంది పిల్లలు నిటారుగా నిలబడ్డారు. ఆయన వెనక నాలుగు పచ్చసొనలు కూడా వరసగా నిలబడ్డాయి. పిల్లలు నవ్వలేదు. మైదానంలో వాటికి కొంచెం చోటు వదిలారు, అంతే. ఆ చోటే ఆయన్ని ఎక్కువ కాల్చింది.

"నాలుగు రోజులు పోతే తనే దారికొస్తుంది," అనుకున్నాడు. రోజూ నాలుగు గుడ్లు ఉడకబెట్టుకుని, రోజూ నాలుగు వదిలాడు. పంతం. కూతురు మూడో రోజుకే దిగొచ్చింది. వెంట తిరిగిన ముద్దలన్నీ ఒక్కొక్కటే తనే తినేసి, నాలుగో రోజు తినగలిగినంతే వడ్డించుకుంది, కేకు ముక్క స్నేహితురాలితో పంచుకుంది. కొడుకు వారానికి దిగొచ్చి, వెంటపడ్డ ముక్కలన్నీ తనే నమిలాడు. ఆపైన మాంసం కొట్లోనే కొవ్వు తీయించి తెచ్చాడు, దుంపలు నాలుగే వేయించమన్నాడు. మాస్టారు మాత్రం దిగలేదు. పన్నెండో రోజు సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆయన వెనక నలభై ఎనిమిది పచ్చసొనలు నాలుగేసి చొప్పున పన్నెండు వరసల్లో గుమ్మం దాటి లోపలికొచ్చి, మిషను కింద దాకా నిండిపోయాయి.

ఆయన ఈల తీసి బల్ల మీద గిరాటేశాడు. "బడిలో పరువు తీశావు. ఇన్నేళ్ళూ తినలేదూ? ఆ నాలుగూ తింటే నీకేం పోతుందే?"

"కళ్ళు," అంది.

"ప్రతిదానికీ అదే. మాత్రలు వేసుకుంటున్నావుగా."

"మీరు తినండి మరి. మీరు వదిలినవేగా."

"నేనా? నాకు కొలెస్ట్రాల్ పెరగదూ?"

దర్జీ అమ్మ అరచేత్తో మిషను చక్రం ఆపింది. గదిలో చప్పుడు ఆగిపోయింది.

"మళ్ళీ అనండి."

"అది కాదు నేను..."

"మళ్ళీ అనండి. పిల్లలు కూడా వింటారు. చాటుగా తింటోందని డాక్టరు ముందు అన్నారే, అది కూడా అనండి. ఎవరి చాటున తిన్నాను నేను? మీ అందరి ముందు, ఆ సింకు దగ్గర, ఇరవై నాలుగేళ్ళు నిలబడి తిన్నాను. మీకు విషమైంది నాకు మాత్రం అన్నమెలా అయిందండీ?"

ఆయన తల్లి వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వైనా చెప్పవే. నీ కాలంలో ఇలాంటివి ఉన్నాయా?"

ముసలావిడ మంచం మీద నుంచి కుడికాలు కిందికి దించింది. మూడు వేళ్ళ కాలు.

"చూడరా. సరిగ్గా చూడు. దీని మీద ఏ రాయీ పడలేదు. మీ నాన్న వదిలింది, నువ్వు వదిలింది, నీ తమ్ముళ్ళు వదిలింది ముప్పై ఏళ్ళు నేనే తిన్నాను. ఒంట్లో చక్కెర చేరింది. కాలికి చిన్న పుండు పడింది, మానలేదు, వేళ్ళు కోసేశారు. ఎంగిలి తిని వేళ్ళు పోయాయంటే ఇంటి పరువు పోతుందని, రాయి పడిందని చెప్పమన్నాడు మీ నాన్న. చెప్పాను." కాలు మళ్ళీ పైకి పెట్టుకుని దుప్పటి కప్పుకుంది. "ఈ పిల్ల కళ్ళ మీద ఏ రాయి పడిందని చెప్తావురా?"

మాస్టారు నిలబడే ఉన్నాడు. తప్పయిందని అనలేదు. ఆయనకి ఆ మాట అనడం అలవాటు లేదు. కాసేపటికి కింద కూర్చున్నాడు. ముందు వరసలో మొదటి పచ్చసొన తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. పొడిగా ఉంటుంది కదా, గొంతులో పట్టేసింది. దర్జీ అమ్మ నీళ్ళివ్వలేదు. ఆయనే లేచి తెచ్చుకున్నాడు.

నలభై ఎనిమిది రోజులు ఆ ఇంట్లో గుడ్డు ఉడకలేదు. రోజుకొకటి తిన్నాడాయన. రోజూ పొద్దున మైదానంలో వరసలో ఒకటి తగ్గి కనిపించేది. పిల్లలు లెక్కపెట్టేవాళ్ళు, పైకి మాత్రం అనేవాళ్ళు కాదు.

దర్జీ అమ్మ వడ్డన మార్చింది. "కొలత తీసుకోకుండా గుడ్డ కత్తిరిస్తామా?" అని ఒక్కొక్కరినీ ఎంత తింటారో అడిగి అంతే వండేది. సగం పళ్ళెం కూరగాయలు, పావు అన్నం. వేయించినవి ఆదివారమే. మాత్రలు వేళకి వేసుకుంది, సాయంత్రం వీధి చివరిదాకా నడిచింది. మూడు నెలలకి డాక్టరు కాగితం చూసి, ఈసారి కళ్ళజోడు తియ్యలేదు. "చక్కెర బాగా దిగింది, కొలెస్ట్రాల్ కూడా. కంటి వెనక చెడింది ఏమీ లేదు. ఇంకా దిగాలి. ఇదే దారిలో ఉండు," అన్నాడు.

ఆమె కోపం మాత్రం దిగలేదు. దిగాలని నేనూ అనను.

ఆ మధ్యాహ్నం ఆమె అందరితో పాటు బల్ల దగ్గర కూర్చుంది, మధ్య కుర్చీలో, ముందు తనే వడ్డించుకుని. మెల్లగా తింది. కడుపు నిండింది. పళ్ళెంలో ఒక చిన్న ముద్ద మిగిలింది. ఆమె లేచి మిషను వైపు నడిస్తే, ఆ ముద్ద పళ్ళెం దిగి, గది అడ్డంగా దొర్లుకుంటూ వచ్చి ఆమె పాదం పక్కన ఆగింది.

మాస్టారు వంగి చెయ్యి చాపాడు. "ఇలా ఇవ్వు. నేను తింటాను."

"వద్దు. ఉండనివ్వండి," అంది దర్జీ అమ్మ. "ఇన్నేళ్ళలో నా వెంట ఏదీ నడవలేదు. పొద్దున నేనే తింటాను."

కిటికీ వెలుగులో సూది ఎత్తి పట్టుకుంది. దారం కొస తడి చేసుకుంది. ఎవరినీ పిలవలేదు. ఒక్కసారికే ఎక్కింది.

ఇక లేవండి. మధ్యాహ్నమైంది, ఇళ్ళకి పోయి అన్నాలు తినండి. బల్ల దగ్గర కూర్చోగానే అమ్మ పళ్ళెం ఎక్కడుందో చూడండి. కనబడకపోతే చెయ్యి కడుక్కుని లేవకండి. తిన్నావా అని అడిగితే తిన్నానంటుంది, ఆ మాట వినకండి. ఏం తిన్నావో చెప్పమనండి.