ఆదెమ్మ చెరిసగం తీర్పులు

రెబెకా మూడోసారీ తప్పింది. మిగతా పేపర్లన్నీ ఏదో అయిందనిపించుకుని గట్టెక్కాయి గానీ, ఆ కాంట్రాక్ట్స్ పేపరొక్కటి జలగలా పట్టుకుంది. మొదటిసారి ఇరవై ఆరు, రెండోసారి ఇరవై తొమ్మిది, మూడోసారి మళ్లీ ఇరవై ఆరు. నలభై వస్తేనే పాసు. మార్చిలో ఇంకోసారి రాయనిస్తారు, అదీ పోతే లా మూడో ఏడు క్లాసులోకి అడుగుపెట్టనివ్వరు.

"ఈసారి పోతే మానేస్తానమ్మా. నీతోపాటు కల్లానికొచ్చి మిరపకాయలకి తొడిమలు తీసుకుంటా" అంది రెబెకా ఒకరోజు. ఆదెమ్మ కంచం ముందు నుంచి లేచిపోయింది. కలిపిన ముద్ద కలిపినట్టే ఉండిపోయింది.

ఆదెమ్మంటే ఎవరనుకున్నారు? సత్తెనపల్లి చుట్టుపక్కల మిరప రైతుల్లో ఆవిణ్ని ఎరగనివాడు లేడు. ఇరవైమంది ఆడకూలీల ముఠాకి మేస్త్రి. ఏ చేలోకి ఎందరు వెళ్లాలో, ఏ కల్లంలో ఎవరు కూర్చోవాలో ఆవిడ నోటిమాటే. ముఠాలో పేచీ వస్తే తీర్చేదీ ఆవిడే. ఆ తీర్పు మాత్రం ఎప్పుడూ ఒకటే, చెరిసగం. నీడ కోసం ఇద్దరు కొట్టుకున్నారా, పొద్దున నీకు, మధ్యాహ్నం దానికి. కొడవలి నాదంటే నాదన్నారా, ఒక వారం నువ్వు, ఒక వారం అది. "రేపు మళ్లీ పక్కపక్కనే కూర్చుని పనిచెయ్యాలమ్మా, ఎవర్నీ నొప్పించి ఏం లాభం?" అనేది. నిజమే మరి, లాభం ఏముంది? అందరూ సగం మొహంతో నవ్వి, సగం మొహంతో గొణుక్కుని వెళ్లిపోయేవాళ్లు.

రెబెకా తన ఖర్మంతా ఇంగ్లీషేననుకుంది. డిగ్రీ దాకా తెలుగు మీడియం. ఆ పుస్తకంలో ఒక్కో వాక్యం సగం పేజీ ఉంటుంది, చివరికొచ్చేసరికి మొదలేమిటో గుర్తుండదు. అందుకని రోజుకి ఇరవై మాటలు బట్టీపట్టింది. పట్టీ పట్టీ చివరికి జవాబు పేపరు జిరాక్సు తెప్పించుకుని, కాంట్రాక్ట్స్ చెప్పే సిద్దికా మేడమ్ ముందు పెట్టింది.

సిద్దికా మేడమ్ రెండు పేజీలు చదివి నవ్వింది. మరో రెండు చదివి నవ్వు ఆపేసింది.

"ఈ గుర్రం లెక్కలో నువ్వేం రాశావో నువ్వే చదువమ్మా."

ప్రశ్న చాలా చిన్నది. ఒకడు గుర్రం అమ్ముతానన్నాడు, ఇంకొకడు కొంటానన్నాడు. మాటలు పూర్తయ్యేసరికే ఆ గుర్రం చచ్చిపోయి ఉంది, సంగతి ఇద్దరికీ తెలియదు. ఒప్పందం చెల్లుతుందా? లేని గుర్రానికి ఒప్పందమేమిటి, చెల్లదు. రెబెకా సెక్షను సరిగ్గానే రాసింది, కారణం సరిగ్గానే రాసింది. ఆఖరి లైన్లో మాత్రం, ఇద్దరిదీ తప్పు లేదు కాబట్టి గుర్రం ధర చెరిసగం భరించడం న్యాయం అని రాసింది.

"చచ్చిన గుర్రానికి సగం ధర ఎవరిస్తారమ్మా?" అంది మేడమ్. "ఇదొక్కటే కాదు, అయిదు ప్రశ్నలూ ఇంతే. నీ ఇంగ్లీషులో తప్పులున్నాయి, ఉండనీ, వాటికి పోయేది ఒకటో రెండో మార్కులు. నీ కొంప ముంచేది ఆఖరి లైను. ఎవరు గెలుస్తారని అడిగితే నువ్వు రాజీ చేస్తున్నావు. ఎవర్నీ ఓడించవేం? ఎక్కడ నేర్చుకున్నావిది?"

రెబెకా తెలీదంది. నిజంగానే తెలీదు.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర ఊరికే మాటవరసకి తల్లికి గుర్రం సంగతి చెప్పింది. ఆదెమ్మ గుర్రం మీద జాలిపడి, ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగింది.

"పాపం, ఇద్దరిదీ తప్పు లేదుగా. చెరిసగం వేసుకుంటే పోలా?"

రెబెకాకి నవ్వొచ్చి పొలమారింది. తల్లి నెత్తిన తడుతుంటే దగ్గుతూ, నవ్వుతూ, కళ్లలో నీళ్లతో, "నువ్వేనా అమ్మా! నా మార్కులు తినేసింది నువ్వేనా!" అంది. సంగతంతా చెప్పింది. ఆదెమ్మ కూడా నవ్వింది.

మర్నాటి నుంచి కొత్త చదువు మొదలైంది. బువ్వవేళకి రెబెకా పుస్తకం పట్టుకుని కల్లానికొచ్చేది. ముఠా అంతా పరదా నీడలో క్యారేజీలు విప్పుకుని కూర్చునేవాళ్లు. ఒకళ్లు కేసు చెప్పాలి, రెబెకా తీర్పు చెప్పాలి. ఎవరు గెలిచారు, ఎందుకు గెలిచారు, రెండే ముక్కలు. సగం అనే మాట నోట్లోంచి వస్తే ఆ పూట పచ్చడి ముక్క లేదు. ఆడవాళ్లకి ఇంతకన్నా తమాషా ఏముంటుంది? ఊళ్లో కేసులు, అత్తగారి కేసులు, సీరియల్లో కేసులు, అన్నీ తెచ్చి గుమ్మరించారు.

నాలుగో రోజున ముఠాలోని జహీరున్నీసా నోరు విప్పింది. ఆవిడకీ సుబ్బరావమ్మకీ నాలుగేళ్లుగా ఒక మేక పేచీ. "మా మేక ఈనితే ఒక పిల్ల నీకిస్తా" అని సుబ్బరావమ్మ ఒకనాడు సరదాగా అంది. మేక ఈనింది, సుబ్బరావమ్మ మనసు మారింది. ఆదెమ్మ తీర్పు ప్రకారం ఆ పిల్ల ఆర్నెల్లు వీళ్లింట్లో, ఆర్నెల్లు వాళ్లింట్లో పెరిగి మేకైంది. పాపం దానికి ఏది తన ఇల్లో ఈనాటికీ తెలీదు.

"చెప్పమ్మాయ్, మేకెవరిది?" అంది జహీరున్నీసా.

రెబెకా తల్లి వైపు చూసింది. ఆదెమ్మ మజ్జిగన్నంలోకి చూస్తోంది. చిన్నప్పుడు తనని సంకనేసుకుని తిప్పిన మనిషి జహీరున్నీసా.

"మేక సుబ్బరావమ్మ పిన్నిది" అంది చివరికి. "ఊరికే ఇస్తానన్న మాటకి చట్టం దగ్గర బలం లేదు. నువ్వు దానికి బదులుగా ఏమీ ఇవ్వలేదు, ఇస్తానని కూడా అనలేదు. నువ్వు ఓడిపోయావు పిన్నీ."

జహీరున్నీసా క్యారేజీ మూత టక్కున పెట్టి లేచిపోయింది. మూడు రోజులు రెబెకా మొహం చూడలేదు. రెబెకాకి అన్నం సయించలేదు. ఇందుకేగా అమ్మ సగం చేసేది అనుకుంది. నాలుగో రోజు జహీరున్నీసాయే వచ్చి, గోంగూర పచ్చడి ముద్ద రెబెకా చేతిలో పెట్టింది.

"మేకని వాళ్లింటికి తోలేశానే. ఓడిపోయావని ఎవరో ఒకరు చెప్పి ఉంటే నాలుగేళ్ల కిందటే తోలేసేదాన్ని. సగం సగమంటూ ఆశపెట్టి చంపింది మీ అమ్మ" అంది. ఆదెమ్మకి వినబడేట్టే అంది.

పరీక్ష రోజు పొద్దున్నే గుంటూరు బస్సు కోసం తల్లీకూతుళ్లిద్దరూ రోడ్డు మీద నిలబడ్డారు. ఇంట్లోనే ప్రార్థన చేసుకుని వచ్చారు. ఆదెమ్మ కొంగు వేలికి చుట్టుకుని విప్పుకుంటోంది.

"ఒక కేసు చెప్తా, తీర్పు చెప్పవే."

"ఇప్పుడా అమ్మా? బస్సొస్తుంది."

"చిన్నదేలే. ఒకామెకి మొగుడు పోయాడు. కూతురు ఏడో తరగతి. ఆ ఏడు కాయకోతలకి ఈమె పిల్లని బడి మాన్పించి రెండు నెలలు తనతో తీసుకెళ్లింది. కూలికోసం కాదు. తెల్లారగట్ల చేనిగట్టు మీద ఒక్కతే నడవలేకపోయింది, ఏడుపొచ్చేది. తోడుకోసం తీసుకెళ్లింది. ఆ రెండు నెలల్లో బళ్లో ఇంగ్లీషు పాఠాలన్నీ అయిపోయాయి. పిల్ల ఆ తర్వాత ఎప్పటికీ అందుకోలేకపోయింది. ఇప్పుడు మూడుసార్లు తప్పింది. ఆమెది సగం తప్పా, మొత్తం తప్పా?"

రెబెకా తల్లిని చూసింది. పదేళ్లు ఈ మనిషి దీన్ని మోసిందా? ఒక్కనాడు ఒక్కమాట అనకుండా?

"ఫిర్యాదు చేసిందెవరు?" అంది.

"ఆఁ?"

"కేసన్నాక ఫిర్యాది ఉండాలిగా. ఎవరు చేశారు ఫిర్యాదు? ఆ పిల్ల చేసిందా? ఆ పిల్లని నేనెరుగుదును. ఆ రెండు నెలలూ నాన్న గుర్తొచ్చి ఏడుస్తూ కారం చేతులతో కళ్లు తుడుచుకోబోతే, 'చేతులు! చేతులు!' అని అరుస్తూ వాళ్లమ్మే పరిగెత్తుకొచ్చేది. కారం తగలని లోపలి కొంగుతో తుడిచేది. అక్కడే, ఆ కల్లంలోనే, వాళ్లమ్మ పేచీలు తీరుస్తుంటే చూసి, పెద్దయ్యాక నేనూ ఇదే చేస్తాననుకుంది. అందుకే లా చదువుతోంది. ఆ పిల్ల ఫిర్యాదు చెయ్యలేదమ్మా. చెయ్యదు. కేసు కొట్టేశాను."

"మొత్తమా?"

"మొత్తం. సగం కాదు."

బస్సొచ్చింది. ఆదెమ్మ కూతుర్ని ఎక్కించి, బస్సు కనుమరుగయ్యేదాకా అక్కడే నిలబడింది.

పరీక్షలో ఈసారి గుర్రం రాలేదు, ఎవడో పడవ అమ్ముతానన్నాడు. రెబెకా కలం ఆఖరి లైను దగ్గర అలవాటు కొద్దీ ఆగింది. ఇద్దరిలో ఒకడు పాపం మంచివాడిలాగే ఉన్నాడు. అయినా ఓడించింది. అయిదింటిలోనూ ఎవరో ఒకర్ని ఓడించి బయటికొచ్చేసరికి జ్వరం తగిలినట్టుంది.

మే నెలలో ఫలితాలొచ్చాయి. ఫోన్లో చూసిన రెబెకా చెప్పుల్లేకుండానే కల్లానికి పరిగెత్తింది. ముఠా అంతా తొడిమలు తీస్తోంది. ఎర్రటి కాయల కుప్పల మధ్య నుంచి ఆదెమ్మ లేచి నిలబడింది.

"నలభై ఏడు!" అంది రెబెకా.

"ఎంతకి?"

"నూటికి."

ఆదెమ్మ మొహం పాలిపోయింది. "సగం కూడా రాలేదేమే!"

"సగం అక్కర్లేదమ్మా! నలభై చాలు. పాసయ్యాను!"

ఆదెమ్మకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక రెండు కళ్లూ ఒక్కసారే నిండాయి. చేతులు కళ్ల దాకా లేచాయి. పొద్దుట్నుంచీ కాయల్లో మునిగిన చేతులు, మోచేతుల దాకా కారం.

"చేతులమ్మా! చేతులు!" అని అరిచి రెబెకా వెళ్లి ఆ మణికట్లు పట్టుకుంది. ఆదెమ్మ చేతులు దూరంగా చాపి, చిన్నపిల్లలా మొహం పైకెత్తింది. రెబెకా చున్నీ కొసతో ముందు ఒక కన్ను తుడిచింది, తర్వాత రెండోది తుడిచింది.