దురాయి పడిన రేడియో

ముప్పై ఎనిమిది రోజులుగా నేను గోడకు మాట్లాడుతున్నాను. తుఫాను షెల్టర్ మేడ మీద ఒక గది, ఒక మైకు, కిటికీలోంచి పులికాట్ సరస్సు. అదే మా ఊరి రేడియో స్టేషన్. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు. గాలి ఎటు తిరిగిందో, నాయుడుపేట బస్సు ఎన్నింటికో చెబుతాను. ఎవరూ వినరని తెలిసీ చెబుతాను. రోజారమణి మొండిది అని ఊళ్లో నన్ను ఊరికే అనలేదు.

మా ఊరి పెద్దలను కాపులు అంటాం. వాళ్లు వేసే కట్టడికి దురాయి అని పేరు. దురాయి పడిన మనిషితో ఎవరూ మాట్లాడకూడదు. ఆ మనిషి ఒకరి గడప తొక్కినా, ఆ మనిషి గడప ఇంకొకరు తొక్కినా వాళ్లకూ దురాయి అంటుకుంటుంది. పోలీసులకు భయపడనివాడు కూడా మా ఊళ్లో దీనికి భయపడతాడు.

నా నేరం ఏమిటంటే ఒక ముసలామె గొంతు వినిపించడం. సరస్సు ఒడ్డున రొయ్యపిల్లల హేచరీ పెడతామని ఒక కంపెనీ వచ్చింది. ఊరంతా సరేననాలని కాపులు తీర్మానించారు. పెద్దకాపు మస్తానయ్య గారి మాటలు రేడియోలో వేశాను. మర్నాడు దక్షిణపు వీధి చివర ఒక్కతే ఉండే నాగులమ్మత్త మాటలు వేశాను.

"సరే అన్నారంట. నన్నెవురన్నా అడిగినారా? ముప్పై ఏళ్లుగా ఆ నీళ్లలో కూర్చోని చేత్తో రొయ్యలు తడివి పట్టేది నేను. వాళ్ల మురికినీళ్లు వచ్చేది నా నడుము మీదికి" అంది ఆమె.

ఇద్దరి మాటా వినిపించడమే నా పని అనుకున్నాను. ఆ సాయంత్రమే నాకు దురాయి అని మా వీధిలో చాటింపు వేశారు.

నాతో పనిచేసే ఉష మర్నాటి నుంచి రాలేదు. కొట్టుకు వెళ్తే ఉప్పు ప్యాకెట్ బల్ల మీద పెట్టి మొహం తిప్పుకుంటారు. చిన్నపిల్లలు కూడా నన్ను చూస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. అమ్మ పోయాక ఇంట్లో నేనొక్కదాన్నే. ఇంటికి పోయి అన్నం తింటూ ఉంటే నేను నమిలే చప్పుడు నాకే వినబడేది. ఏడుపొచ్చేది. అన్నిటికన్నా ఒళ్లు మండింది నాగులమ్మత్త మీద. ఎవరి మాట కోసం నాకీ గతి పట్టింది? ఒక్కసారైనా ఇటు తొంగిచూసిందా? పోయి నిలదీద్దామనుకున్నాను. కానీ ఆమె గడప తొక్కి ఆమెకూ దురాయి అంటించడం ఎందుకని ఊరుకున్నాను.

ముప్పై తొమ్మిదో రోజు పదకొండింటికి లైసెన్సు తనిఖీకి హరినాథ్ గారు వచ్చారు. రిజిస్టరు తిప్పారు. పేజీ తర్వాత పేజీ, మాట్లాడినవారి గడిలో నా పేరే.

"మేడం, ప్రసారంలో సగమైనా ఊరివాళ్ల గొంతు ఉండాలి. ఒక్కరి మాటే చెల్లకూడదనే ఈ నియమం పెట్టారు" అన్నారు.

"నియమం మంచిదే సార్. ఊరు ఊరంతా నోరు కట్టేసుకుంటే నేనేం చేసేది? అది కూడా రాసుకోండి."

ఆయన ఫారం అటూ ఇటూ చూశారు. "దానికి ఇందులో గడి లేదు మేడం. ఈ రోజు ప్రసారం చూసి రిపోర్టు పంపాలి. ఇలాగే ఉంటే లైసెన్సు నిలవదు."

అంతలో మస్తానయ్య గారు మెట్లెక్కి వచ్చారు. నాకు మూడడుగుల దూరంలో నిలబడి, హరినాథ్ గారితో మొదలుపెట్టారు.

"సార్, ఆ అమ్మికి చెప్పండి. నాగులమ్మ మాటలు తప్పని రేడియోలో చెప్పి చెరిపేస్తే, ఇప్పుడే దురాయి ఎత్తేస్తాం. మధ్యాహ్నానికల్లా నలభై మంది వచ్చి మాట్లాడతారు."

హరినాథ్ గారు బిత్తరపోయి నా వైపు తిరిగారు. "వినబడింది కదా మేడం?"

వినబడింది. నిజం చెబుతున్నాను, నాకు ఆశ పుట్టింది. నలభై గొంతులు! ఉష వస్తుంది. కొట్టువాడు పలకరిస్తాడు. ఒక్క మాట చెరిపితే చాలు. కానీ అది నా మాట కాదు.

"సార్, ఆయనకు చెప్పండి. ఆ గొంతు నాగులమ్మత్తది. ఆమెను అడిగి వస్తాను" అన్నాను.

ఎండలో దక్షిణపు వీధికి నడిచాను. అత్త పంచలో ఎండుచేపలు తిరగేస్తోంది. నన్ను చూసి గబుక్కున లేచి చేతులు అడ్డం పెట్టింది.

"రాబాక మే! గడప తొక్కబాక. నీగ్గూడా పడుద్ది దురాయి."

"నాకు పడి ముప్పై తొమ్మిది రోజులైంది గదత్తా."

"నీకెందుకు పడుద్ది? పడింది నాకు గదా. మా వీధిలో చాటినారు."

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. చాటింపు ఆమె వీధిలో ఆమెకు వేశారు, నా వీధిలో నాకు వేశారు. ఒకరి సంగతి ఒకరికి చెప్పడానికి మాతో మాట్లాడే మనిషి ఎవరున్నారు? కాపులు కాపలా పెట్టలేదు. దురాయి పడిన మేమిద్దరమే ఒకరి విషయంలో ఒకరం దాన్ని తూచా తప్పకుండా పాటించాం. మైకు ముందు అంత గొప్పలు పోయే నేను కూడా! నా మీద నాకే అసహ్యం వేసింది.

"రోజూ ఇంటానే ఉండా నిన్ను" అంది అత్త. గూట్లో చిన్న రేడియో చూపించింది. "నువ్వొక్కదానివే మాట్లాడతా ఉంటే, నన్ను పిలిస్తే నీకు తంటా అని పిలవడంలే అనుకున్నా."

పంచలోనే కూలబడి ఏడ్చాను. తర్వాత మస్తానయ్య గారి మాట చెప్పాను. లైసెన్సు సంగతీ చెప్పాను. చెరపమంటే చెరిపేస్తానన్నాను.

అత్త చేతులు కడుక్కుంది. "సగం అంటే ఎంతసేపు మే?"

"పూటకు గంట."

"ఒక్క గంటేనా?" అంటూ తలుపు దగ్గరకు లాగింది.

మేం మెట్లెక్కేసరికి మస్తానయ్య గారు ఇంకా అక్కడే ఉన్నారు. అత్తను చూసి, ఎవరితో ఏం చెప్పించాలో తెలియక దిగిపోయారు. హరినాథ్ గారు రిజిస్టరులో నా పేరు కింద ఆమె పేరు రాసుకుని సంతకం పెట్టించారు. "రోజూ ఇలా ఇద్దరూ మాట్లాడితే నియమానికి చాలు" అన్నారు.

సాయంత్రం ప్రసారం మొదలుపెట్టి మైకు ఆమె వైపు తిప్పాను. అత్త దగ్గింది. మైకు వైపు చూసింది, నా వైపు చూసింది.

"ఇప్పుడు వినేదెవురు మే? వినేదాన్ని నేను ఈడ కూర్చోనుండానే."

"నేనుండా అత్తా" అన్నాను. "చెప్పు."