వట్టివేళ్ల తడక

మెట్‌పల్లి నేతగాళ్లలో బుచ్చిరాములుకు ఒక పేరుంది. ఆయన నేసిన పంచెలో నీళ్లు పోసుకుని మోసుకుపోవచ్చని. ఆ మాట పుట్టించింది ఆయనేనని భార్య లస్మవ్వ అంటుంది గానీ, అబద్ధమని మాత్రం అనదు.

పంతొమ్మిది వందల యాభై ఆరో సంవత్సరం. రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయంటారు. ఆ ఏడు మనుషులే పగిలేట్టున్నారు. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చిన కూతురు బాలలక్ష్మి పదకొండు రోజుల ఆడపిల్లతో పడమటి గదిలో ఉంది. ఇంట్లో తలుపున్న గది అదొక్కటే, మిగతాదంతా మగ్గాలే. పొద్దు వాలితే చాలు, ఎండ కిటికీలోంచి వచ్చి తిన్నగా మంచం మీద కూర్చునేది. కిటికీ మూస్తే ఉక్క. బిడ్డ ఒళ్లంతా చెమటకాయలు పేలి, రెండు రోజులుగా పాలు తాగడం లేదు.

"గది సల్లగ చెయ్యకుంటే పిల్ల నిలుసుడు కష్టం," అని కంపౌండర్ ముఖం మీదే చెప్పి పోయాడు.

బుచ్చిరాములుకు తహసీల్దారు బంగళా గుర్తొచ్చింది. పంచెలు ఇవ్వడానికి పోయినప్పుడు చూశాడు. కిటికీలకు వట్టివేళ్ల తడకలు కట్టి నీళ్లు చల్లితే, వడగాలి కూడా వాటిలోంచి చల్లబడి వచ్చేది.

"బాలెంతకు గాలి తగలొద్దు," అంది లస్మవ్వ.

"గాలి కాదే, సల్లదనం," అన్నాడాయన.

వేళ్లు కొనితెచ్చి, వెదురు బద్దల చట్రం ముందు పొద్దున్నే కూర్చున్నాడు. కూర్చున్నవాడు నేతగాడాయె. వేరు పక్కన వేరు పేర్చాడు, సుతిలి బిగించాడు, చెక్కతో కొట్టి మళ్లీ బిగించాడు. ఎక్కడైనా వెలుతురు కనబడితే అక్కడ ఇంకో వేరు దూర్చాడు. మధ్యాహ్నానికి ఆ తడకలో సూది దూరే సందు లేదు. కిటికీకి కట్టి, నాలుగు బిందెలు పోసి, మీసం మెలేశాడు.

గంటకల్లా గది ఆవిరితో ఉడకసాగింది.

"బాపూ, ఊపిరాడ్తలేదు," అంది బాలలక్ష్మి. బిడ్డకు ఏడ్చే ఓపిక కూడా లేదు.

బుచ్చిరాములు ఇంకో బిందె ఎత్తాడు. లస్మవ్వ ఆయన చెయ్యి పట్టుకుని ఆపి, ఒక దూది పోచ తీసి తడక దగ్గర పట్టింది. పోచ కదలలేదు.

"నువ్వు తడక నెయ్యలే, పంచె నేసినవ్. గాలి యాడికెళ్లి రావాలె?"

ఆయన ముఖం మాడిపోయింది. నలభై ఏళ్లుగా సందు పడితే విప్పి మళ్లీ నేసిన మనిషి. ఇప్పుడు చేతులారా సందులు చెయ్యాలి. కానీ బిడ్డ పెదవులు ఎండిపోయి ఉన్నాయి. కత్తి తెచ్చి సుతిలి కోశాడు. వరసకు సగం వేళ్లు లాగేశాడు. ఒక్కో వేరూ లాగుతుంటే పన్ను పీకినట్టే ఉంది. భార్యను సలహా అడగని మనిషి, ఆ పూట "సాలునా?" అని మూడుసార్లు అడిగాడు.

మళ్లీ నీళ్లు పోసి ఎదురు తలుపు తెరవగానే గాలి చొరబడింది. తడి వేళ్ల వాసన గదంతా నిండింది. లస్మవ్వ కూతురి చెవులకు గుడ్డ చుట్టిందే తప్ప, గాలికి అడ్డం రాలేదు. కాసేపటికి బిడ్డ కదిలి, తల్లి రొమ్ము వెతుక్కుంది. గుటక చప్పుడు వినబడేసరికి బుచ్చిరాములు గోడకు ఆనుకుని కూలబడి ఏడ్చాడు.

మర్నాడు మధ్యాహ్నం తోటి నేతగాడు సిద్దిరాములు అటు పోతూ కిటికీ ముందు ఆగాడు. తడక నిండా వంకర సందులే.

"గిదెవడు నేసిండు బుచ్చన్నా? చేతులున్నోడేనా?"

బుచ్చిరాములు బిందె దించి, వేలు నోటి మీద పెట్టుకున్నాడు.

"నేనే నేసిన. జర మెల్లగ మాట్లాడు, పిల్ల పండుకుంది."