విశాఖలో చూడవలసినవి

తిరుమలరావుకి మూడు రోజులు సెలవు మంజూరైంది. టెక్కలిలో ఆయన గుమాస్తాగా పనిచేసే ఆఫీసులో అది సామాన్యమైన సంగతి కాదు. మొదటి అర్జీ పెట్టిన నాటికి కూతురు భవ్యశ్రీకి పళ్ళు రాలేదు. సంతకమయ్యేసరికి ఆ పిల్ల నోటినిండా పళ్ళతో తండ్రి మోచేతిని కొరుకుతోంది. శుక్ర, శని, ఆదివారాలు సెలవన్నారు. ఆదివారం ఎలాగూ సెలవే కదా అని ఆయన ఎవరినీ అడగలేదు, ఎవరూ ఆయనకి చెప్పలేదు.

ఆ మూడు రోజుల్లో ఏదో ఒక పట్నం చూసి రావాలన్నది ఆయన భార్య ప్రమోదిని పట్టుదల. పట్నం మీద ఆమెకి పెద్ద ఆశలేమీ లేవు. వేడి టీ తాగాలి, అంతే. రెండేళ్ళ మూడు నెలలుగా ఆమె టీ పెట్టుకుంటోంది గానీ తాగడం లేదు. పెట్టిన చోటే అది చల్లారి, తరకకట్టి, చివరికి కరివేపాకు మొక్కకి పోతోంది. హోటల్లో, ఎవరో ఉతికిన దుప్పటి మీద కూర్చుని, ఎవరో పెట్టిచ్చిన టీ, ఎదురుగా సముద్రాన్ని చూస్తూ తాగాలి. వాళ్ళుండే పల్లెకి రెండు కిలోమీటర్లలోనే బారువ సముద్రం ఉంది కదా అంటారేమో. ఉంది. దాని ఒడ్డున ఎండుచేపలున్నాయి, పడవలున్నాయి, "ఏటమ్మా, ఇలగొచ్చావు?" అని ఆరా తీసే చుట్టాలున్నారు. టీ ఒక్కటే లేదు.

ఏ పట్నం వెళ్ళాలో తేల్చడానికి తిరుమలరావు ఆఫీసు కాగితం వెనకవైపు గళ్ళు గీశాడు. పాలు, వేడినీళ్ళు, పిల్లని ఎత్తుకోవలసిన దూరం, పిల్ల ఏడిస్తే తిట్టే జనం. హైదరాబాదు మొదటే ఎగిరిపోయింది. రెండేళ్ళ పిల్లతో రాత్రంతా రైలంటే తెల్లారేసరికి పెట్టె మొత్తం పగవాళ్ళే. భువనేశ్వరంలో గుళ్ళెక్కువ. భవ్యశ్రీ గుడిలో గంట పట్టుకుంటే దేవుడొచ్చి బతిమాలినా వదలదు. మిగిలింది విశాఖపట్నం. పలాసలో ఎక్కితే మధ్యాహ్నానికి దిగొచ్చు. జూ ఉంది, చేపల మ్యూజియం ఉంది, టీ ఉంది.

"విశాపట్నం ఒద్దు," అంది అత్తగారు రత్నాలమ్మ, చింతపండు పిక్కలు తీస్తూ.

"ఎందుకత్తా?"

"అక్కడ నీళ్ళు పడవు గుంటకి," అంది మనవరాలి వైపు చూపిస్తూ.

ఉద్దానంలో కూర్చుని ఇంకో ఊరి నీళ్ళకి వంక పెట్టగల ధైర్యం ఆమెకే చెల్లిందనుకుంది ప్రమోదిని. ఈ ఊళ్ళో నీళ్ళ గురించి, మూత్రపిండాల జబ్బు గురించి ఎన్ని బృందాలొచ్చి ఎన్ని సీసాలు పట్టుకెళ్ళాయో లెక్కేలేదు. మర్నాడు అత్తగారికి ఇంకో కారణం దొరికింది. సముద్రం గాలి పిల్లకి మంచిది కాదట. పిల్ల పుట్టిన్నాటినుంచీ పీలుస్తున్నది ఏ గాలో ఆవిడే చెప్పాలి. మూడోనాడు కారణాలు అయిపోయి, ఉత్త "ఒద్దంతే" మిగిలింది.

అమ్మ సంగతి అలా ఉంచి, అనుభవజ్ఞుల సలహా తీసుకుందామన్నాడు తిరుమలరావు. వీధిలో అనుభవజ్ఞులకి కొదవలేదు. విశాఖకి యాభైసార్లు, వందసార్లు వెళ్ళొచ్చినవాళ్ళున్నారు. పక్కింటి కాంతం మెట్టు మీద కూర్చుని కొబ్బరి ఈనెలు చీరుతూ, విశాఖ అన్న మాట వినగానే కత్తి పక్కన పెట్టింది.

"ఎవరికి బాబూ?" అంది, గొంతు తగ్గించి.

"ముగ్గురికీ పిన్నీ," అన్నాడు తిరుమలరావు హుషారుగా.

కాంతం గుండె మీద చెయ్యి వేసుకుంది. ఆసుపత్రికి కాదు, సరదాకి వెళ్తున్నామని విడమరిచి చెప్పడానికి పావుగంట పట్టింది. నమ్మినట్టు తలాడించింది గానీ, సాయంత్రానికి వీధంతా తిరుమలరావు కళ్ళ కింద వాపు కోసం వెతకసాగింది. పైగా సలహాలు వెల్లువెత్తాయి. మంచి హోటలేదని అడిగితే, వందసార్లు వెళ్ళొచ్చిన సూర్యారావు మావ, "పెద్దాసుపత్రి గేటెదురుగా లాడ్జీ. కింద మందుల సాపు. ఇంకేటి కావాల?" అన్నాడు. భోజనం ఎక్కడ బాగుంటుందంటే ఉప్పు లేకుండా వండే మెస్సు పేరు చెప్పాడు ఎదురింటి నాగరాజు. పొద్దున్నే చూడదగ్గదేమిటంటే ఓపీ చీటీల వరస అని తేలింది, ఐదింటికే వెళ్ళాలట. సూర్యారావు మావ వెళ్తూ వెళ్తూ రిపోర్టులు పెట్టుకునే ప్లాస్టిక్ సంచీ కూడా ఇచ్చిపోయాడు, కొత్తది కొనుక్కోవడం దండగ అని. భవ్యశ్రీ దాన్ని నెత్తిన తగిలించుకుని ఇల్లంతా తిరిగింది.

"మరి సముద్రం దగ్గర ఎక్కడ బాగుంటుంది మావా?" అని వెనకనుంచి అడిగింది ప్రమోదిని.

సూర్యారావు మావ ఆగి ఆలోచించాడు. "అక్కడా సముద్రం ఉన్నాదంటారు. నాను సూడలేదమ్మా."

వందసార్లు విశాఖ వెళ్ళి సముద్రం చూడని మనిషి! ఇలాంటి వీధికి కోడలిగా వచ్చినందుకు ప్రమోదినికి తనమీద తనకే జాలేసింది. అన్నిటికన్నా ఆమెకి గుచ్చుకున్నది వేరే ఉంది. తన పుట్టిల్లు టెక్కలిలో ఊరెళ్తున్నామంటే, తాళం వెయ్యకముందే నలుగురు వచ్చి ఎప్పుడొస్తారని అడుగుతారు. ఇక్కడ ఒక్కరు అడగలేదు. జీడిపప్పు పొట్లాలిచ్చారు, చేతులు పట్టుకున్నారు, ఆ ఒక్క మాట మాత్రం ఎవరి నోటా రాలేదు. గురువారం మధ్యాహ్నం ఉండబట్టలేక కాంతంతో అనేసింది:

"మేం వచ్చినా రాకపోయినా ఒకటే కాబోలు పిన్నీ మీకు."

కాంతం ఈనెలు పక్కన పెట్టింది. "విశాపట్నం ఎల్లేవోలని ఎప్పుడొత్తారని అడగమమ్మా. అడిగితే ఆలు సెప్పాల. ఆలకి మాత్రం ఏటి తెలుసు? మీ అత్త అడిగింది ఓసారి. మీ మావ బంగారయ్య, నీ పెళ్ళికి ముందు మాట. పరీచ్చలకని బయల్దేరినాడు. ఎప్పుడొత్తావంటే, ఎల్లుండి ఒచ్చెత్తాను, పనసపొట్టు కూర సెయ్యి అన్నాడు. ఎల్లుండి సేసింది. రాలేదు. ఆ మర్నాడు సేసింది. కబురొత్తే మీ అత్త కూడా ఎల్లింది. పదకొండోనాడు అంబులెన్సులో తెచ్చీసినారు."

మావగారు విశాఖలో పోయారని ప్రమోదినికి తెలుసు. కూర సంగతి తెలీదు. నాలుగేళ్ళలో ఆ ఇంట్లో ఒక్కసారి కూడా పనసపొట్టు వండలేదు. పనసచెట్లున్న తోట పెట్టుకుని ఈవిడ పిసినారితనమేమిటని పుట్టింట్లో ఎగతాళి చేసింది కూడా. ఆమెకి తల తీసి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

సాయంత్రం అత్తగారి పక్కన చేరింది.

"అత్తా, విశాఖ మానేద్దాం. భువనేశ్వరం పోతాం. పిల్ల గంటలు కొట్టుకుంటుంది, కొట్టుకోనీ."

రత్నాలమ్మ మనవరాల్ని ఒళ్ళోకి లాక్కుని జుట్టు దువ్వసాగింది. దువ్వించుకునే పిల్ల కాదది, ఎందుకో ఊరుకుంది.

"ఆసుపత్రి గోడలు పచ్చరంగు," అంది చివరికి. "ఉన్నన్నాళ్ళూ అయ్యే సూసినాను. ఎల్లండి. గుంటయినా సముద్రం సూసి రానీ."

శుక్రవారం పొద్దున్న వీధిలోకి ఆటో వచ్చింది. మూడు రోజుల ప్రయాణానికి ఆరు సంచులు. అందులో నాలుగు భవ్యశ్రీవి, ఒకటి అత్తగారు కాచి చల్లార్చిన నీళ్ళది. వీధంతా గుమ్మాల్లోకి వచ్చి, ఎవరినో సాగనంపుతున్నట్టు నిలబడింది. ఎవరూ ఏమీ అడగలేదు. ఆటో కదిలింది.

"ఒలే పెమోదినీ!"

డ్రైవరు బ్రేకు వేశాడు. రత్నాలమ్మ గేటు పట్టుకుని నిలబడింది.

"ఎప్పుడొత్తారే?"

కాంతం నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సూర్యారావు మావ తల వంచుకున్నాడు. జవాబు చెప్పవలసినవాడు తిరుమలరావు. శుక్రవారం వెళ్ళి ఆదివారం వచ్చేవాళ్ళు చెప్పవలసిన మాట ఒక్కటే ఉంది. ఆఫీసులో అంతమందికి అన్ని తారీఖులు రాసిచ్చేవాడు, ఒక్క రోజు పేరు చెప్పలేక పిల్ల చెప్పు సరిచెయ్యడం మొదలుపెట్టాడు.

ప్రమోదినికి భయం వేసింది. వేసినా ఆటోలోంచి తల బయటికి పెట్టింది.

"ఎల్లుండే అత్తా! రాత్రి భోజనానికి వచ్చేస్తాం. పనసపొట్టు కూర చెయ్యి."

రత్నాలమ్మ కోడల్ని చూసింది. మనవరాల్ని చూసింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. మళ్ళీ మాట్లాడేసరికి ఆమె గొంతు ఎప్పటి గొంతే.

"సేత్తాను. ఆలీసమైతే మాత్రం పిల్లికెట్టెత్తాను, సూసుకోండి."