ఆషాఢంలో ఆగరాని బండి

వేలంలో కాయిల్ తమకే దక్కిందని తెర మీద కనిపించగానే రక్షిత కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టింది. మేడ్చల్ బస్టాండు ఎదుటి ఇంటర్నెట్ సెంటర్లో ఉన్నవాళ్ళంతా తల తిప్పి చూశారు. ఎవరిదో పరీక్ష ఫలితం వచ్చిందనుకుని ఒక పెద్దమనిషి "ఫస్టు క్లాసా బిడ్డా?" అని అడిగాడు కూడా.

ఫస్టు క్లాసు కాదు. ఎవరో వాడి విప్పేసిన ఇగ్నిషన్ కాయిల్. ఇంజనుకు నిప్పురవ్వ అందించే నల్లటి ముద్ద, అరచేతిలో పడుతుంది. సందీప్‌కు వాళ్ళ నాయిన ఇచ్చిన పాత మోటారు సైకిలుకు అది కావాలి. ఆ బండి తయారు చేయడం కంపెనీ ఎప్పుడో మానేసింది, సామాన్లు దొరకడమూ మానేశాయి. ఢిల్లీ వైపు ఎవరో ఆన్‌లైన్‌లో వేలానికి పెట్టారని సందీప్ కనిపెట్టాడు. పెళ్ళయిన కొత్త కదా, తన తెలివి భార్య కళ్ళముందే చూపించాలని ఆమెను కూడా సెంటర్‌కు తీసుకొచ్చాడు. తీరా పాట ముగిసే వేళకు ఊరూ పేరూ తెలియనివాడొకడు పోటీకి దిగాడు. వాడు కొంచెం పెంచితే వీళ్ళు ఇంకొంచెం పెంచారు.

"వాడు మన కాయిల్ ఎత్తుకపోతుండు, జరుగు" అని రక్షిత మౌసు లాక్కుని తనే నొక్కింది. ఎం.కాం. చదివిన పిల్ల. ఆ ధరకు ఇంకో పాత బండే వచ్చేదన్న సంగతి ఆమెకు చప్పట్లు కొట్టాక గానీ తట్టలేదు. తట్టినా బెంగపడలేదు. పెళ్ళయ్యాక ఇద్దరూ కలిసి గెలిచిన మొదటి వస్తువది. ఇంటికి వెళ్ళే దారిలో ఇద్దరూ చెరో మిర్చిబజ్జీ తిని పండగ చేసుకున్నారు.

కాయిల్ వచ్చింది. మెకానిక్ అబ్దుల్ దాన్ని బిగించాడు. బండి నెయ్యి తాగినట్టు నడిచింది, ఆగేదాకా. ఆగాకే దాని అసలు గుణం బయటపడింది. వేడి మీద ఒకసారి ఇంజను ఆగిందంటే, పూర్తిగా చల్లారేదాకా ఎంత కొట్టినా కదలదు. కిక్కు కొట్టి కొట్టి సందీప్ చెప్పు తెగింది.

"వేడయితే అలుగుతది భాయ్" అన్నాడు అబ్దుల్, కాయిల్‌ను జాలిగా చూస్తూ. "సల్లబడేదాక పక్కకు కూసో. బతిమాలితే ఇంక బిగుసుకుంటది."

ఇంతలో ఆషాఢం వచ్చిపడింది. ఆ నెలంతా కొత్త కోడలు అత్తగారింట్లో ఉండకూడదు, కొత్త అల్లుడు అత్తగారింటి గడప తొక్కకూడదు. రక్షితను వాళ్ళ బాపు అంజయ్య వచ్చి శామీర్‌పేట దాటాక ఉండే అలియాబాద్‌కు తీసుకుపోయాడు. మేడ్చల్‌కూ అలియాబాద్‌కూ మధ్య దూరం పెద్దదేం కాదు. ఆషాఢమే పెద్దది.

సందీప్ రెండో రోజుకే ఓపిక పోగొట్టుకుని, విత్తనాల కంపెనీలో పని ముగియగానే బండి వేసుకొచ్చాడు. గడప తొక్కలేదు. గేటు బయటే బండి ఆపి, గేటు లోపలున్న రక్షితతో కాసేపు మాట్లాడాడు. ఆ కాసేపూ రక్షితకు జాతర చూసినట్టుంది. తర్వాత బండి కదల్లేదు. వాన మొదలైంది.

"లోపటికి రమ్మందాం" అంది రక్షిత తల్లి మనోరమ.

"రావద్దు" అంది అవ్వ, అంటే అంజయ్య తల్లి. "గడప దాటిండంటే అత్తకు గండం. నీకే గండమే మనోరమా, జర సోయి తెచ్చుకో."

అందుకని సందీప్ గేటు అవతల బండి మీదే గొడుగు పట్టుకుని కూర్చున్నాడు. గేటు మీదుగా అన్నం పళ్ళెం అందించారు. ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో పళ్ళెం పట్టుకున్న అల్లుడు ఏ చేత్తో తింటాడో చూడ్డానికి వాడకట్టంతా వచ్చింది. తెల్లారేసరికి, అంజయ్య కొత్త అల్లుణ్ణి వానలో నిలబెట్టి కడుపు మాడ్చాడని శామీర్‌పేట చౌరస్తా దాకా పాకింది. ప్లాట్లు అమ్మే మనిషి అంజయ్య. పదిమందిలో మాటకు విలువ ఉన్నవాడు. అల్లాడిపోయాడు.

"ఇగో బిడ్డా" అన్నాడు పొద్దున్నే. "గా బండి ఇంకోపారి నా ఇంటి ముంగట ఆగిందంటే నిన్ను సిద్దిపేట మీ మేనత్త తాన వెడత. శ్రావణం వచ్చినంకనే తీస్కొస్త."

మేనత్త ఇల్లంటే రక్షితకు భయం. ఆవిడ ఫోన్లు కూడా పొద్దుగూకితే ముట్టుకోనివ్వదు. వెంటనే సందీప్‌కు ఫోన్ చేసింది. సందీప్ కాయిల్ అమ్మినవాడికి మెయిల్ పెట్టాడు. వాడు మర్యాదస్తుడే. కావాలంటే వాపస్ పంపండి, డబ్బులు తిరిగిస్తాను, కానీ పాత పార్టు కొత్త బండిలో కుదురుకోవడానికి ఒక నెల పడుతుంది, కాస్త ఓపిక పట్టండి అని రాశాడు.

రక్షిత ఆ ముక్క ఇంట్లో చదివి వినిపించింది.

"నిజమే గద" అంది అవ్వ. "కొత్త కోడలికే నెల ఎడబాటు పెట్టిన్రు. కాయిల్‌కు పెట్టరా?"

"వాపస్ తీస్కుంటడట అవ్వా. పీడ వోతది."

అంతవరకూ పేపరు చూస్తున్న అంజయ్య తలెత్తాడు. "వేలంల దక్కిన సొత్తు వాపస్ చేస్తరా ఎవరన్న?"

అంజయ్య ఒక ఏడాది వినాయకుడి లడ్డూ వేలంపాటలో గెలిచాడు. ఆ ఏడాదే ఆయన ప్లాట్ల పక్కనుంచి రోడ్డు పడింది. వేలం గురించి ఆయనకు తెలిసిందంతా ఆ లడ్డూయే.

"లడ్డు తియ్యగ లేదని దేవునికి మర్లిస్తమా?" అన్నాడు.

"అది లడ్డు కాదు బాపూ, కాయిల్."

"పాటల దక్కిందా, లేదా?"

"దక్కింది."

"మీ కన్న ఎక్కువ పాడెటోడు లేకనే దక్కిందా?"

"అవ్."

"ఇగ అయిపాయె. అది ఇంట్ల ఉండాలె. వాపస్ చేసినోడు బాగుపడ్డట్టు నేనైతే సూడలే."

అదే మాట సందీప్‌కు ఫోన్లో చెప్పాడు. కొత్త అల్లుడు మామ మాట కాదంటాడా? కాయిల్ బండిలోనే ఉండిపోయింది. ఇక మిగిలింది ఒక్కటే దారి. వచ్చిన బండి ఆగకూడదు.

మరునాడు సాయంత్రం రక్షిత గేటు దగ్గర నిలబడి ఉండగా సందీప్ వచ్చాడు. ఆగకుండా ముందుకు పోయాడు. అలిగి పోయాడేమోనని ఆమె గేటు మీదుగా తొంగి చూసింది. కానీ అతను సందు తిరిగి, ఇంటి వెనక వాడలోంచి చుట్టుకుని, ఇంకో పక్కనుంచి మళ్ళీ గేటు ముందుకు వచ్చాడు.

"ఆగరాదు గద" అని అరిచి మళ్ళీ పోయాడు.

రక్షితకు అర్థమైంది. నవ్వు ఆగలేదు. చున్నీ నడుముకు బిగించి తయారుగా నిలబడింది.

అట్లా వాళ్ళ సంసారం ఒక్కో చుట్టుకు ఒక్కో మాటగా సాగింది. "తిన్నవా?" అని ఆమె అడిగితే వచ్చే చుట్టులో "తినలే" అని జవాబు. ఆ పై చుట్టుకు ఆమె చేతిలో సర్వపిండి ముక్క. అది అందుకోవడానికి అతను బండిని ఎడమకు వంచేవాడు. మేడ్చల్‌లో అత్తమ్మ మోకాలి నొప్పి, రక్షిత మర్చిపోయి వచ్చిన దువ్వెన, అబ్దుల్ కొడుక్కు పళ్ళు రావడం, అన్నీ చుట్లు చుట్లుగా చెప్పుకున్నారు. ఒకసారి అలక కూడా వచ్చింది. "నిన్న ఫోనెందుకు ఎత్తలే?" అని ఆమె అడిగి ముఖం తిప్పుకుంటే, అతను రెండు చుట్లు జవాబు లేకుండా తిరిగి, మూడో చుట్టులో "బ్యాటరీ" అని మాత్రం అనగలిగాడు.

ఊరు ఊరికే ఉండదు. అతను మొక్కు తీర్చుకుంటున్నాడనుకుని ఒకావిడ బండి ముందు టైరుకు నీళ్ళు చల్లింది. పాలు పోసే ఎల్లయ్య, ఎట్లాగూ తిరుగుతున్నాడు కదా అని, ఇటు మూల తన క్యాను అల్లుడి హ్యాండిలుకు తగిలించి, తాను సందులో నడిచి పోయి అటు మూల దించుకోవడం మొదలుపెట్టాడు.

ఇంటి వెనక వాడలో షహజాది బేగం ఉండేది. మంచం గుమ్మం బయటే వేసుకుని బియ్యం ఏరుతుండేది. ప్రతి చుట్టులోనూ సందీప్ ఆమె ముందు నుంచే పోవాలి. ఆమెకు సగం సంసారమే వినపడుతుంది, అదే ఆమె బాధ.

"దామాద్ బాబూ, ముంగట ఏమన్నది పిల్ల?"

తర్వాతి చుట్టులో: "కోపం పోయిందా లేదా? నాకు చెప్పి పో."

ఆ తర్వాత: "పేట్ బషీరాబాద్‌ల మా తమ్ముడు గిట్లనే తిరిగిండు, షాదీ ముందట. నువ్వు షాదీ అయినంక తిరుగుతున్నవ్. ఉల్టా కేసు."

శుక్రవారం సాయంత్రం సందీప్ గేటు ముందు నుంచి పోతూ "నీకొక మాట చెప్పాలె" అన్నాడు. వచ్చే చుట్టులో రక్షిత "చెప్పు" అంది. అతను చుట్టూ చూశాడు. గోడల మీద, అరుగుల మీద, ఎల్లయ్య క్యాను పక్కన, జనం చెవులు రిక్కించి ఉన్నారు. "గట్టిగ చెప్పరాదు" అని పోయాడు. ఇంకో చుట్టు. "ఇప్పుడు కూడ చెప్పరాదు."

వాడకట్టంతా వంట మానేసి ఆ మాట కోసం ఎదురు చూసింది. మనోరమ కూడా గరిటె పట్టుకుని గేటు దగ్గరికి వచ్చేసింది. పాపం సందీప్, ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే పొట్ట ఉబ్బిపోయేటట్టుండి, వెనక వాడలో షహజాది బేగం దగ్గర గొంతు తగ్గించి చెప్పాడు.

అతను ముందుకు వచ్చేలోపే బేగం గొంతు ఇంటి కప్పు మీదుగా వచ్చింది. "రక్షితా బిటియా, నిన్ను పక్కకు కూసోబెట్టుకొని జర సేపు ఊకెనే సూడబుద్ది అయితాందట. మాట్లాడకున్న పర్వలేదట."

గోడల మీద జనం సంతృప్తిగా నిట్టూర్చారు. రక్షిత చెవులు కాలిపోయాయి. అయినా అంత బాగున్న మాట ఆమె అంతవరకు వినలేదు. నెలలో ఇంకా చాలా రోజులున్నాయి, చుట్టూ ఇంతమంది ఉన్నారు, బండి ఆగితే సిద్దిపేట. జరసేపు పక్కన కూర్చోవడం ఎట్లా కుదురుతుందో ఆమెకు తోచలేదు.

సరిగ్గా అప్పుడే అంజయ్య ప్లాట్ల మీద నుంచి ఇంటికొచ్చాడు. తన ఇంటి చుట్టూ తిరునాళ్ళలా ఉండడం చూశాడు. నెత్తి మీదికి కోపమొచ్చింది. దారి మధ్యలో నిలబడి రెండు చేతులూ చాచాడు.

"ఏందయ్యా గీ తమాష? ఆపు."

ఎదురుగా మామ. సందీప్ బ్రేకు మీద కాలు వేశాడు. బండి నెమ్మదించింది, దగ్గింది, ఇంకోసారి దగ్గింది. ఆగబోతోంది. ఆగితే సరిగ్గా అంజయ్య ఇంటి ముందే ఆగుతుంది. పైన మబ్బు నల్లగా దిగింది. గొడుగు, పళ్ళెం, శామీర్‌పేట చౌరస్తా, అన్నీ ఒక్కసారిగా అంజయ్య కళ్ళముందు మెదిలాయి.

"ఆపకు" అన్నాడు చేతులు దించేసి. "బిడ్డా, నీ కాళ్ళు మొక్కుత, ఆపకు."

ఆపే ఉద్దేశం సందీప్‌కూ లేదు. ఇంజనుకే ఉంది. ఆ నెమ్మదిలో, బండి పడుతూ లేస్తూ గేటు ముందుకు వచ్చిన క్షణంలో, రక్షిత ఏమీ ఆలోచించకుండా గేటు తెరుచుకుని వచ్చి వెనక సీటు మీద ఎక్కి కూర్చుంది. ఇద్దరి బరువుకు బండి దాదాపు ప్రాణం విడిచింది.

"నెట్టున్రి" అంది అవ్వ అరుగు మీద నుంచి. "సూస్తరేంది, ముంగట ఆగనియ్యకున్రి."

అంజయ్య వెనక నుంచి నెట్టాడు. మనోరమ గరిటె కొంగులో దోపి నెట్టింది. ఎల్లయ్య కూడా చేయి వేశాడు. ఇంజను పట్టుకుంది. బండి మూలకు చేరి, ఎడమకు తిరగాల్సినచోట తిరగకుండా నేరుగా పోయింది.

"అవ్వా, ఆషాఢంల ఇద్దరు కల్సి పోవచ్చా?" అని ఎవరో అడిగారు.

అవ్వ "బండికి గడప యాడిది" అని తీర్పు చెప్పి లోపలికి పోయింది.

రాజీవ్ రహదారి మీద తుంపర మొదలైంది. రక్షిత అతని నడుము పట్టుకుని, దారిలో కనపడిన ప్రతిదాన్నీ చూసి నవ్వింది. పాల ట్యాంకరును, మేకల మందను, తడిసిపోయిన హోర్డింగు మీద నవ్వుతున్న నాయకుణ్ణి. శామీర్‌పేట చెరువు కట్ట మీదికి రాగానే బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఇద్దరూ దిగి కట్ట అంచున పక్కపక్కన కూర్చున్నారు. చుట్టూ ఎవరూ లేరు. నీళ్ళ మీద వాన చుక్కలు పడుతున్నాయి.

సందీప్ ఫోన్ మోగింది. అంజయ్య.

"ఆగిందా?"

"ఆగింది మామా."

"యాడ?"

"చెరువు కట్ట మీద."

"మనింటి ముంగట గాదు గద." ఆయన గొంతులోంచి పెద్ద బరువు దిగిపోయింది. "మంచిగ సల్లారనియ్యి. జల్దీ చెయ్యకు."

సందీప్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు. అతను ఆమెను ఊరికే చూశాడు, ఆమె తనను చూడనిచ్చింది. తుంపర వానగా మారి, ఇంజను మీద పడి జారిపోయింది. చాలాసేపటికి అతను లేచి వెళ్ళి ఇంజను మీద చేయి పెట్టాడు. అది కుండలో నీళ్ళంత చల్లగా ఉంది.

"ఇంక మస్తు వేడున్నది" అన్నాడు.

రక్షిత కూడా వచ్చి, తడిసిన అరచేతిని దాని మీద ఆనించి చూసింది.

"అవ్" అంది. "కాలుతాంది."

ఇద్దరూ తిరిగి వచ్చి కట్ట మీద కూర్చున్నారు.